నేను మింగేసిన చిన్న మాటలు

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఎప్పుడూ రాసే వాక్యమే. ఇవాళ మాత్రం రాశాక కలం పక్కన పెట్టి, అందులో ఎంత నిజముందో ఒకసారి చూసుకున్నాను. ఒంట్లో బాగుండటం వరకైతే నిజమే. అందుకని కొట్టేయకుండా ఉంచుతున్నాను.

నీ ఉత్తరం సరుకుల ఓడలో వచ్చింది. కాగితానికి ఇంకా డీజిలు వాసన వస్తోంది. అడిగినవాటికి వరసగా చెప్తాను. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు గోల చేస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. వంటింటి కప్పు కారడం ఆగింది. మీ చిన్నక్క మొగుడు, మన తాపీమేస్త్రి బావ, ఎక్కి బాగుచేశాడు. దిగేటప్పుడు కాలు జారి పక్కింటివాళ్ల రేకు సొట్ట పెట్టాడు. ఊలు టోపీ బిగుతుగా ఉందన్నావు. అల్లిక సరిగానే ఉంది, తల పెరిగిందేమో చూసుకో. చదువు ఎక్కువైతే అలాగే అవుతుందట.

"చిన్నక్క ఫోను ఎందుకెత్తడం లేదు, నామీద కోపమా?" అని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగావు. కోపం నీమీద కాదురా, నామీద. నీ పేరు మధ్యలోకి లాగింది నేను. అది చెప్పడానికే ఈ ఉత్తరం. నేరుగా ఆ సంగతికి వెళ్లడానికి చెయ్యి రావడం లేదు. కాస్త ఓపిక పట్టు.

కిందటి ఉత్తరంలో నువ్వు పెట్టిన కాగితం గుర్తుందిగా. "మేము ఓడ మీద తిరుగుతూ సముద్రపు నీళ్లు ముంచుతాం, కొలుస్తాం, పెద్దవాళ్లకు పంపుతాం. వాళ్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. రేవులో నీ మాట వినని మనిషి లేడక్కా. ఇది నువ్వు చదువు" అని రాశావు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ గర్వాన్ని ప్రార్థనలో దించుకోవాల్సింది. దించుకోలేదు.

నువ్వు చూడక చాలా ఏళ్లయింది కాబట్టి మైకు గది ఎలా ఉందో చెప్తాను. అదే ఇరుకు, అదే ఎత్తు స్టూలు. రేవు వైపు అద్దాల కిటికీ. ఎన్నిసార్లు తుడిచినా ఉప్పు పేరుకుంటుంది. మైకుకు నేను కుట్టిన గుడ్డ తొడుగు. పొద్దున్నే గాలి ఎటునుంచి వీస్తోందో, అల ఎంత ఎత్తుందో, ఏ పడవ ఏ గట్టుకు రావాలో చదువుతాను. అప్పటికి పడవల ఇంజన్లన్నీ రొదపెడుతుంటాయి. అందుకే నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "అమ్మాయ్, గాలి ఎలాగూ చిన్న మాటల్ని తినేస్తుంది. నువ్వే ముందు తీసెయ్. 'కొంచెం ఈశాన్యం వైపుగా వీచే అవకాశం ఉంది' అంటే ఎవడికీ వినపడదు. 'ఈశాన్యం గాలి' అను. చాలు." నేను సహజంగానే తక్కువ మాట్లాడేదాన్ని. ఆ పాఠం నాకు ఒంటికి పట్టిన నూనెలా పట్టేసింది.

ఆయన నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. మైకులో తప్పు చెబితే, తప్పని తెలిసిన వెంటనే అదే మైకులో, అదే గొంతుతో దిద్దాలి. ఇంకే కబురూ చెప్పకముందు "సవరణ" అని మూడుసార్లు అనాలి. తర్వాత "తప్పు నాది" అనాలి. ఆ తర్వాతే సరైన మాట. గాలి దిక్కు తప్పు చెప్పి ఊరుకుంటే మనిషి తిరిగిరాడు కాబట్టి ఈ రేవులో ఆ ఆనవాయితీ పెట్టారు. అప్పటికి ఇన్నేళ్లలో నేను ఒక్కసారే సవరణ చెప్పాను. ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఇక నీ కాగితం. మొదటి రోజు అక్షరం పొల్లుపోకుండా చదివాను. మనం కాల్చే బొగ్గు, నూనెల పొగలో కొంత భాగాన్ని సముద్రం తాగుతోందని, అందువల్ల నీటికి పులుపు గుణం నెమ్మదిగా, కొంచెం కొంచెంగా పెరుగుతోందని, ఇంకా నీళ్లు పుల్లబడిపోలేదని, ఈదినా చేపలు తిన్నా మనకేమీ కాదని, కానీ గుల్లల పిల్లలకు పెంకు కట్టుకోవడం మునుపటికన్నా కష్టమవుతోందని, పొగ తగ్గించుకోకపోతే ముందు ముందు మరీ కష్టమని. బాగా రాశావు. ఎవరూ వినలేదు.

మన బొంగురు గొంతు పడవ డ్రైవరు మాత్రం కిటికీ కిందకొచ్చి, "ఏంటక్కా, సముద్రానికి కడుపులో మంటా? సోడా తాగించమను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వలల వ్యాపారి, "మైకక్క ఇవాళ పాఠం చెప్పింది, హాజరు వేసుకోండ్రా" అన్నాడు. మరుసటి రోజు మళ్లీ చదివాను. నేను చదవడం మొదలెట్టగానే ఒకడు కావాలనే ఇంజను గట్టిగా రొదపెట్టాడు.

ఆ తర్వాతి రోజు అలవాటు ప్రకారం కాగితం మీద గీతలు కొట్టాను. గాలి తినేసే మాటలు తీసేశాను. "నెమ్మదిగా" తీసేశాను. "కొంచెం" తీసేశాను. "ఇంకా" తీసేశాను. మిగిలింది ఇది: "సముద్రం పులిసిపోయింది. గుల్లలు కరిగిపోతున్నాయి. కొలిచి చెప్పింది మా తమ్ముడు."

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. తమ్ముడూ, ఆ నిశ్శబ్దం నీకెలా చెప్పను. ఇన్నేళ్లుగా రొద మధ్య బతికిన గొంతు నాది. రేవంతా తలెత్తి నా కిటికీ వైపు చూసింది. బొంగురోడు టోపీ తీశాడు. ఆ రోజు గీతలు కొట్టింది అలవాటు కొద్దీ అని నన్ను నేను సమర్థించుకోగలను. మర్నాడు కూడా అదే చదివాను. అది అలవాటు కాదు.

అంతటితో ఆగలేదు. వంటింట్లోంచి గాజు గ్లాసు తెచ్చి, వెనిగర్ పోసి, అందులో చిన్న గుల్ల వేసి కిటికీలో పెట్టాను. బుడగలు పైకొస్తుంటే జనం గుమిగూడి చూశారు. పెంకు పలచబడి, అంచులు పోయి, వేలితో నొక్కితే విరిగేలా అయింది. వల బాగుచేసే ఒకావిడ చంకలో పాపతో వచ్చి అడిగింది: "అక్కా, ఇవి మన సముద్రం నీళ్లేనా?"

నేను కాదనలేదు. అవుననీ అనలేదు. గుడ్డ తీసుకుని కిటికీ అద్దం తుడిచాను. ఆవిడ పాపను గట్టిగా హత్తుకుని వెళ్లిపోయింది. అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

రేవు ఆఫీసరు వచ్చి చెయ్యి కలిపాడు. "మీ తమ్ముడు మంచి పని చేయించాడండీ. ఇప్పుడు అందరి నోటా ఇదే మాట. బడిలో కూడా ఒకసారి చెప్పాలి మీరు" అన్నాడు. అందరి నోటా ఇదే మాట అన్నది నిజమే. పిల్లల్ని తల్లులు నీళ్లలోంచి చెవులు పట్టుకుని బయటికి లాగారు. స్నానానికి సముద్రం వైపు వెళ్లే ముసలాయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఒకావిడ తన వెండి ఉంగరం నల్లబడిందని నాకే తెచ్చి చూపించింది. ఇక గుల్లలు కొనేవాళ్లు చటుక్కున ఆగిపోయారు. నువ్వు ఎక్కడ ఆగి చదువుతున్నావో నాకు తెలుసు. అవును, మీ చిన్నక్క కొట్టు.

అది బతికేదే ఆ గుల్లల మీద. పొద్దున్నే తడి గోనె పరిచి, గుల్లలు పేర్చి, మీద నీళ్లు చిలకరిస్తూ, వచ్చిపోయే ప్రతివాణ్నీ వరస పెట్టి పిలుస్తూ ఎంత సందడిగా ఉంటుందో నీకు తెలుసు. హోటలు వంటవాడు రావడం మానేశాడు. వీధిలోవాళ్లు అవతలి పక్కనుంచి నడవడం మొదలెట్టారు.

ఒకరోజు తడి చేతులతోనే మైకు గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, నీ సముద్రం నా కొట్టులోకి వచ్చింది, చూశావా?"

"కూర్చోవే."

"కూర్చుంటే లేవలేను. జనం నా గుల్లల్ని వేలితో నొక్కి చూస్తున్నారు, కరిగిపోయాయేమోనని. ఒకడైతే ముక్కు దగ్గర పెట్టుకుని వెనిగర్ వాసన వస్తోందన్నాడు. తింటే ఏమీ కాదని తమ్ముడు రాశాడా, లేదా?"

"రాశాడు."

"మరి అది చదవవేం? సవరణ చెప్పు. మూడుసార్లు అనాలిగా, నేనూ గొంతు కలుపుతాను కావాలంటే."

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "జనం ఇప్పుడిప్పుడే వింటున్నారే. సవరణ అంటే మొత్తం అబద్ధమనుకుంటారు. నీ కొట్టు పెద్దదా, సముద్రం పెద్దదా?"

అది తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "సముద్రమే పెద్దది. అందుకే అది నీ అబద్ధం మోయగలదు. నేను మోయలేను" అంది. వెళ్లేటప్పుడు తలుపు మెల్లగా వేసింది. అదెప్పుడూ తలుపు విసిరేసే మనిషి. అలా మెల్లగా వేయడం చూసే నాకు భయం వేసింది. ఆ రోజునుంచి దానికి నేను లేను. నీ పేరూ అందులో ఉంది కాబట్టి నీ ఫోనూ ఎత్తడం లేదు.

నేను చెప్పిన కారణం ఉత్తుత్తిది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. సవరణ చెబితే అంతా కొట్టిపారేస్తారన్నది నిజంగానే నా భయం. పంటి నొప్పి తగ్గాలని పన్ను పీకించుకుంటే, దవడే పోతుందేమో అన్నట్టుగా ఉండేది. ఆ భయం వెనక నక్కి కూర్చున్నాను.

తర్వాత ఒకరోజు మైకు గది గోడకు ఉప్పు పట్టి పెచ్చులూడుతోందని ఆఫీసరు మీ బావను పిలిపించాడు. నాతో పేచీ పెట్టుకోవడం ఆయనకు చేతకాదు, నీకు తెలుసుగా. తాపీ పట్టుకుని గోడతోనే మాట్లాడాడు. ఊరికే ఉండలేక నేనే అడిగాను, చేతిలో ఉన్న పని ఎంతవరకు వచ్చిందని.

"ఏ పని వదినా! ఇటుకలు రావడం లేదు. ఇంటివాళ్లు పునాది చూసుకుని ఏడుస్తున్నారు. కట్టినదేదీ కూలలేదు. కట్టాల్సింది లేవడం లేదు. రోజుకు నాలుగు ఇటుకలు వస్తే గోడ ఎప్పటికి లేస్తుంది?"

చేతిలో నీ కాగితం లేకపోయినా, నువ్వు రాసిన వాక్యం నాకు అప్పుడు అర్థమైంది. కరిగిపోవడం కాదు, కట్టుకోలేకపోవడం. గుల్ల పిల్లకు ఇటుకలు దొరకడం లేదు. నేను కూలిన ఇల్లు చూపించి జనాన్ని హడలగొట్టాను. అసలు దిగులు లేవని గోడ గురించి.

"చెల్లి ఎలా ఉంది?" అన్నాను.

తాపీ ఆగింది. "మీకు తెలీదా? కొట్టు మూసేసింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పొలుసు తీసే పనికి పోతోంది. రోజంతా నిలబడే. వచ్చాక చేతులు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంటుంది. మాట లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకే అరవాలనిపిస్తోంది వదినా. నాకేమో అరవడం రాదు."

ఆ కొట్టు మా ఇంటి వీధి చివరే. మూసి ఉందని నాకు తెలియకపోవడానికి కారణం, నేను వేరే దారిన వెళ్తుండటమే.

ఇప్పుడు ఇంతసేపూ దాటేసిన మాట. ఇది ఆఫీసరుకు చెప్పలేదు, చెల్లికి చెప్పలేదు. నీకు చెప్తున్నాను. నేను రోజూ ప్రార్థనకు కూర్చుంటానని నీకు తెలుసు. అందులో ఎప్పుడూ ఎక్కువ అడగను. అందరినీ చల్లగా చూడమంటాను, లేస్తాను. ఆ రోజుల్లో మాత్రం ఇంకొకటి అడిగాను. జనం భయం తగ్గడం మొదలైంది, ఒకరిద్దరు మళ్లీ నీళ్లలోకి దిగుతున్నారు. అప్పుడు కళ్లు మూసుకుని, "ఈ భయం ఇంకొన్నాళ్లు నిలబెట్టు తండ్రీ" అన్నాను. మంచి పని కోసమే అడుగుతున్నానని కూడా అన్నాను. ఆ భయం ఎవరి కొట్టు ముందు నిలబడుతుందో తెలిసే అడిగాను. సముద్రం కోసమే అనుకున్నాను కానీ, ఇంజన్లు ఆగిన ఆ నిశ్శబ్దం కోసం అడిగాను. చెల్లెలి తిండి తీసి నా గొంతుకు గొడుగు పట్టించుకున్నాను. దేవుడు ఆ మొర విన్నాడో లేదో తెలియదు. నేను మాత్రం విన్నాను. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

మీ బావ వెళ్లాక గ్లాసు తీసి కడిగేశాను. మర్నాడు పొద్దున గాలి సంగతి కూడా చెప్పకుండా మైకు తొడుగు తీశాను.

"సవరణ. సవరణ. సవరణ."

ఇంజన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ మాట వింటే ఈ రేవులో ఎవడి చెయ్యీ కదలదు.

"తప్పు నాది. సముద్రం పులిసిపోలేదు. కిటికీలో గ్లాసులో పోసింది వెనిగర్, సముద్రం నీళ్లు కావు. మా తమ్ముడు అలా చెప్పలేదు. వాడు రాసిన మాటల్లో నేను కొన్ని మింగేశాను. పొగ వల్ల నీటి గుణం నెమ్మదిగా, కొంచెం కొంచెంగా మారుతోంది. ఈదండి. చేపలు తినండి. గుల్లలు తినండి. ఉన్న గుల్ల కరగడం లేదు. పుట్టే గుల్లకు ఇల్లు కట్టుకోవడానికి ఇటుకలు తగ్గుతున్నాయి. ఇది నిజం. మెల్లగా జరిగినంత మాత్రాన అబద్ధమైపోదు. నేను భయపెట్టినందుకు గుల్లల కొట్టు మూతపడింది. అదీ నా తప్పే. ఇప్పుడు గాలి. ఈశాన్యం, కొంచెం."

"కొంచెం" అని గాలికి కూడా అన్నాను. పెద్దాయన ఉంటే మందలించేవాడు.

భయపడ్డది భయపడ్డట్టే జరిగింది. వలల వ్యాపారి కిటికీ కిందే చప్పట్లు కొట్టాడు. "చెప్పానా? అంతా ఉత్తిదే! పొగ లేదు, పులుపు లేదు!" అన్నాడు. నవ్వారు. పాపతో వచ్చినావిడ నవ్వలేదు. కిటికీ దగ్గరికొచ్చి, "ఆ రోజు అడిగితే అద్దం తుడిచావుగా అక్కా" అంది, అంతే. వ్యాపారి చప్పట్లకన్నా అది గట్టిగా తగిలింది. ఆఫీసరు బడిలో ప్రసంగం ఊసెత్తలేదు. మైకు వేరేవాళ్లకు ఇమ్మన్నాను. "తప్పు ఒప్పుకున్నవాళ్లే రేపూ చదవాలి. అదే ఇక్కడి పద్ధతి" అన్నాడు. అది క్షమించడమో శిక్షో ఆయన మొహం చూస్తే తెలియలేదు.

అప్పటినుంచి గాలి, అలలు చదివాక నీ కాగితంలోంచి రోజుకో వాక్యం చదువుతున్నాను. ఏమీ తీసేయకుండా. ఇంజన్ల రొద మళ్లీ మొదలైంది. చాలామంది వినరు. బొంగురోడు మాత్రం నిన్న కిటికీ కిందకొచ్చి, "పొగంటే మా ఇంజను పొగ కూడానా?" అని అడిగాడు. కూడా అన్నాను. పడవ గట్టున ఊరికే నిలబడ్డప్పుడు ఇంజను కట్టేస్తున్నాడు. వాడొక్కడితో సముద్రం బాగుపడదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. అయినా కట్టేస్తున్నాడు. వాడికి నేను ఏ గ్లాసూ చూపించలేదు.

సవరణ చెప్పిన సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. చెల్లి బయటికొచ్చింది, నన్ను చూసింది, పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. వేళ్లన్నీ నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత చాలా రోజులు అంతే.

ఇవాళ పొద్దున పని అయ్యాక పాత దారినే, కొట్టు ముందునుంచే వచ్చాను. తలుపు తీసి ఉంది. తడి గోనె, దాని మీద ఓ చిన్న కుప్ప. గుల్లలు మునుపటంత లేవు. హోటలు వంటవాడు ఏరుకుంటున్నాడు. నన్ను చూడగానే చెల్లి లేచి నిలబడి, నోటి దగ్గర చెయ్యి బూరలా పెట్టి, వీధి వీధంతా వినపడేలా అరిచింది:

"సవరణ! సవరణ! సవరణ! మా అక్క మితభాషి అని ఇన్నాళ్లూ అన్నాం. తప్పు మాది!"

వంటవాడు నవ్వాడు. నేను నవ్వాలో లేదో తెలియక నిలబడ్డాను. అది కూర్చుని గుల్లల మీద నీళ్లు చిలకరించింది. తలెత్తకుండానే అంది:

"తమ్ముడికి రాస్తున్నావా?"

"రాస్తున్నాను."

"ఏమని? అక్కాచెల్లెళ్లు కలిసిపోయారనా?"

నేను వంగి గోనె అంచు సరిచేశాను.

"అలా రాయకు. కోపం కొంచెం తగ్గిందని రాయి. ఆ 'కొంచెం' మింగావంటే ఊరుకోను."

అందుకని దాని మాట పొల్లుపోకుండా రాస్తున్నాను తమ్ముడూ. మీ చిన్నక్కకు నామీద కోపం కొంచెం తగ్గింది. నెమ్మదిగా తగ్గుతోంది. ఇంకా ఉంది.

నీ పేరును అబద్ధానికి వాడుకున్నందుకు నువ్వు ఏమనుకున్నా పడతాను. నీ జవాబు వచ్చేదాకా ప్రార్థనలో ఏదీ అడగడం లేదు. ఊరికే కూర్చుని లేస్తున్నాను.

ఇట్లు,
నీ మాటలు ఇకమీదట పూర్తిగా చదివే
మీ పెద్దక్క